ఆర్థర్ గారి ఇత్తడి గుండు

రెజిమెంటల్ బజార్‌లో ఆర్థర్ గారి ఇల్లెక్కడ అని అడిగితే, "ఏ ఆర్థర్ సార్? ఇంట్ల స్టేషన్ నడిపే ఆయనేనా?" అని ఎదురు ప్రశ్న వేసేవాళ్లు. ఆయన రిటైరయ్యాడని రైల్వే వాళ్లు ఒప్పుకున్నారు, చుట్టుపక్కల వాళ్లు ఒప్పుకున్నారు, ఆయనొక్కడే ఒప్పుకోలేదు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో సింహభాగం సింగిల్ లైను మీద, పట్టుమని పది ఇళ్లు లేని స్టేషన్లలో మాస్టరుగా చేసిన మనిషి. పొద్దున్నే గడ్డం గీసుకుని, తెల్లచొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని వరండాలో కూర్చునేవాడు. సికింద్రాబాద్ స్టేషన్ వైపు నుంచి కూత వినబడగానే చేతి గడియారం చూసి, "పదకొండు నిమిషాలు లేటు" అని తీర్పు చెప్పేవాడు. వినడానికి ఎవరూ లేకపోయినా తీర్పు మాత్రం ఆగేది కాదు.

భార్య ప్రేమమణి బాపట్ల పిల్ల. పెళ్లయి నలభై ఏళ్లయినా ఆమె యాస మారలేదు, మౌలాలి రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన ఆయన యాసా మారలేదు. ఒకే ఇంట్లో రెండు జిల్లాలు సర్దుకుపోయాయి. కొడుకు జకర్యా గూడ్సు బండి గార్డు, వారంలో నాలుగు రోజులు లైను మీదే. కోడలు డోరా రాంగోపాల్‌పేట్ అమ్మాయి, దగ్గర్లోని బడిలో టీచరు. ఇంతమంది పెద్దవాళ్లనీ కూర్చోమంటే కూర్చోబెట్టేది, నిలబడమంటే నిలబెట్టేది ఏడేళ్ల మనవరాలు దేవకృప.

కృప పుట్టినప్పుడే గుండెలో రంధ్రం ఉంది. రెండో ఏట ఆపరేషన్ అయింది, అయినా గుండె నీరసం పోలేదు. దానికి తోడు మూడో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. గుండెకు చుక్కల మందు, ఒంట్లో నీరు చేరకుండా ఒక మాత్ర, ఫిట్స్‌కు ఒక సిరప్, రక్తానికి ఇంకో సిరప్. అన్నీ పొద్దున ఏడింటికీ సాయంత్రం ఏడింటికీ. ఇన్ని మందులు మింగే పిల్ల మూలన ముడుచుకుని కూర్చుంటుందని చూడవచ్చినవాళ్లు అనుకునేవాళ్లు. వాళ్ల చెప్పులు దాచిపెట్టి, వాళ్లు వెతుక్కుంటుంటే కిటికీలోంచి చూసి నవ్వడం ఆ పిల్ల పని.

ఆ ఏడాది జూన్ నెలలో ఒక ఆదివారం ఏం జరిగిందో చెప్పాలి, ఎందుకంటే గుండు కథ అక్కడే మొదలైంది. డోరా ఏడింటికి కృపకు మందులు వేసి స్నానానికి వెళ్లింది. చర్చికి వెళ్లే హడావిడిలో కోడలు మరిచిపోయి ఉంటుందని ప్రేమమణి ఏడుంపావుకు గుండె మందు మళ్లీ వేసింది. అడగొచ్చు కదా అంటారేమో. స్నానాల గదిలో ఉన్న కోడల్ని కేకేసి అడిగితే, నీకు బాధ్యత లేదు అన్నట్టు ఉంటుందని అడగలేదట. మర్యాద అంత ఎక్కువ ఆ ఇంట్లో.

చర్చిలో దేవసహాయం పాస్టరు గారి ప్రసంగం ముప్పావుగంట దాటాక కృప తల వాల్చేసింది. ప్రసంగం పొడుగు తెలిసినవాళ్లు గనుక ఎవరూ వింతగా చూడలేదు. ఆ తర్వాత వాంతి చేసుకుంది. మళ్లీ చేసుకుంది. పెదవులు పాలిపోయాయి. ఆర్థర్ గారు మణికట్టు పట్టుకుని గడియారం చూశాడు. నాడి నింపాదిగా, ఎక్కడా తొందర లేనట్టు కొట్టుకుంటోంది. పిల్లను భుజాన వేసుకుని ఆటో కోసం పరిగెత్తాడు.

ఆస్పత్రిలో పిల్లల డాక్టరు మధుసూదన్ గారు చూసి, "పొద్దున గుండె మందు ఎవరిచ్చారు?" అని అడిగారు.

"నేనిచ్చిన" అంది డోరా. "నేనేనండీ" అంది ప్రేమమణి. రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. ఆ తర్వాత అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

ఆర్థర్ గారు గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. ఏడున్నరకు తానూ సీసా మూత తీసి, డ్రాపర్‌లోకి మందు ఎక్కించాడు. సరిగ్గా అప్పుడే వీధిలో ఆటోవాడు హారన్ కొట్టాడు. వెధవ ఆటో అని విసుక్కుంటూ మందు తిరిగి సీసాలో వదిలేసి బయల్దేరాడు. ఆ ఆటోవాడు రెండు నిమిషాలు లేటయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. ఆ సంగతి ఆ రోజు నోరు తెరిచి చెప్పలేదు.

మర్నాటికి కృప కోలుకుంది. మధుసూదన్ గారు అందర్నీ నిలబెట్టి చెప్పారు. "మీ ఇంట్లో ప్రేమకు లోటు లేదు, లెక్కకే లోటు. ఈ మందు ఒక పూట తప్పితే కొంప మునగదు. రెండుసార్లు పడితేనే ప్రాణం మీదికొస్తుంది. ఇచ్చామా లేదా అని అనుమానం వస్తే ఇవ్వకండి. నాకు ఫోన్ చేయండి. అంతే."

ఇంటికొచ్చాక ఆర్థర్ గారు వరండాలో అటూ ఇటూ గంటసేపు తిరిగాడు. తిరిగి, అందర్నీ పిలిచి కూర్చోబెట్టాడు.

"సింగిల్ లైన్ల రెండు స్టేషన్ల నడుమ ఒక్కటే పట్టా. రెండు బండ్లు ఎదురుబొదురు వస్తె ఏమైతది?"

"గుద్దుకుంటయ్" అంది కృప ఉత్సాహంగా.

"ఎందుకు గుద్దుకోలే నా సర్వీసుల? టోకెన్ ఉంటది గనుక. మిషన్ల కెళ్లి ఒక్క గుండు బయటికొస్తది. ఆ గుండు చేతిలున్న డ్రైవరే బండి కదిలియ్యాలె. గుండు ఒక్కటే, బండి ఒక్కటే. ఇంట్ల సుత గిట్లనే నడవాలె ఇగ."

గుండు ఎక్కడి నుంచి తేవాలి? స్టేషన్లో అడిగితే ఇవ్వరు, ఇచ్చినా తీసుకునే మనిషి కాదు. ఆయన చూపు పడకగదిలోని ఇనుప మంచం మీద పడింది. ప్రేమమణి వాళ్లమ్మ పెళ్లికి పెట్టిన మంచం. నాలుగు కోళ్ల మీదా నాలుగు ఇత్తడి గుండ్లు, చింతపండుతో తోమితే మొహం కనబడేవి. ఆమె బజారు నుంచి వచ్చేసరికి మంచం మీద మూడే ఉన్నాయి.

"మా అమ్మ మంచానికి గుండు కొట్టారేంటండీ?" అంది ప్రేమమణి. తర్వాత వారం రోజులు ఆయనకు పప్పులో ఉప్పు తగ్గింది.

ఏర్పాటు మాత్రం బాగానే ఉంది. పాత జెండా గుడ్డలు రెండు చించి సంచులు కుట్టించాడు. ఎర్ర సంచి పొద్దుటి మందుకు, పచ్చ సంచి సాయంత్రం మందుకు. రెండూ మందుల బీరువా పక్కన రెండు మేకులకు వేలాడేవి. పొద్దున మందు ఇవ్వాలంటే ఎర్ర సంచిలోంచి గుండు తియ్యాలి. మందు ఇచ్చాక పుస్తకంలో టైమూ నాడీ రాసి, సంతకం పెట్టి, గుండు పచ్చ సంచిలో వెయ్యాలి. సాయంత్రం ఇచ్చాక మళ్లీ ఎర్ర సంచిలోకి. గుండు ఏ సంచిలో ఉంటే ఆ పూట మందు ఇంకా ఇవ్వలేదన్నమాట. సంచి ఖాళీగా ఉంటే ఎవరూ సీసా ముట్టుకోకూడదు. ఇది కాక ఇంకో నియమం ఉంది. ఒకరు డ్రాపర్‌లో మందు ఎక్కిస్తే, రెండోవాళ్లు గీత చూసి, ఎంత ఉందో పైకి చదవాలి. ఈ రెండో నియమం స్టేషన్ మాస్టరుకు వర్తించదు. అలాగని ఆయన ఎక్కడా రాయలేదు గానీ, అందరికీ అర్థమయ్యేలా ప్రవర్తించాడు.

పక్కింటి పుష్పమ్మ గోడ మీంచి చూసి, "ఏంది సార్, మందుకు సుత టికెట్ పెట్టిన్రా?" అని అడిగింది. దేవసహాయం పాస్టరు గారు ఒక సాయంత్రం ప్రార్థన చేద్దామని ఏడింటికి వచ్చి, గుమ్మంలో పది నిమిషాలు నిలబడ్డారు. "జెర ఆగున్రి అయ్యగారూ, లైన్ క్లియర్ కాలే" అని ఆర్థర్ గారు చెయ్యి అడ్డం పెట్టాడు మరి. పాస్టరు గారికి మనసులో ఏముందో గానీ, ఆ పూట ప్రార్థన పొట్టిగానే ముగిసింది.

నవ్విన వాళ్లు నవ్వారు. మూడు నెలల్లో ఒక్క పూట కూడా మందు రెండుసార్లు పడలేదు, ఒక్క పూట కూడా తప్పలేదు. మధుసూదన్ గారు పుస్తకం తిరగేసి, వేరే తల్లులకు చూపిస్తానని ఒక రోజు అట్టిపెట్టుకున్నారు. ఆర్థర్ గారు ఆ రోజంతా వీధిలో కనబడిన ప్రతివాడికీ ఆ మాట చెప్పాడు. రెండోసారి కనబడిన వాడికి రెండోసారి చెప్పాడు. ఇందాకే చెప్పారు కదా సార్ అని ఎవరూ అనలేదు.

అదొక్కటే కాదు. తన బీపీ మాత్రల సంగతిలోనూ కొంచెం తికమక ఉంది. నెలరోజుల మాత్రలు ఇరవై రెండు రోజులకే అయిపోయాయి. "రోజుకు రెండు వేసుకుంటున్నారేమోనండీ" అంది ప్రేమమణి. "నేనా? దుకాణపోడు తక్కువిచ్చిండు" అని ఆయన కోపంగా దుకాణానికి వెళ్లాడు. దుకాణం వాడు అట్టలు చూపించి, ఒక్కో అట్టకు పది మాత్రలు కంపెనీలోనే వేస్తారని వివరించాడు. ఆర్థర్ గారు కంపెనీ వాళ్లను కూడా అనుమానిస్తూ తిరిగొచ్చాడు.

ఆగస్టులో ఒకసారి గుండు మాయమైంది. పొద్దున ఏడు కావస్తోంది, ఎర్ర సంచి ఖాళీ, పచ్చ సంచీ ఖాళీ. ఇల్లంతా గాలించారు. చివరికి పిండి డబ్బాలో దొరికింది. కృప దాన్నే బొమ్మ చేసుకుని స్నానం చేయించి, పౌడరు పూద్దామని పిండిలో దొర్లించిందట. ఆర్థర్ గారు తిట్టలేదు. మనవరాలిని ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టి, గుండు ఆమె చేతిలో పెట్టాడు.

"బిడ్డా, ఇది ఆటవస్తువు గాదు. టోకెన్ లేకుంటె బండి కదలది. సంచిల ఇది లేకుంటె నువ్వు నోరు తెరవొద్దు. ఎవరు చెప్పినా సరే."

"నానమ్మ చెప్తే?"

"నానమ్మ చెప్పినా."

"నువ్వు చెప్తే?"

ఆయన ఒక్క క్షణం ఆగాడు. రూలు రూలే. "నేను చెప్పినా సుత" అన్నాడు.

కృప ఆ రోజు నుంచి గుండు ముట్టుకోలేదు. దాని వైపు కన్నెత్తి చూడాలన్నా చేతులు వెనక్కి కట్టుకునేది.

సెప్టెంబరులో ఒక శనివారం సాయంత్రం డోరా, ప్రేమమణి చర్చిలో స్త్రీల సమాజం కూటానికి వెళ్లారు. జకర్యా లైను మీద ఉన్నాడు. ఇంట్లో తాతా మనవరాలూ మిగిలారు. "ఒక్కరే ఇస్తారా మామయ్యా, పుష్పమ్మ ఆంటీని పిలవమంటరా?" అని డోరా వెళ్తూ వెళ్తూ అడిగింది. ముప్పై నాలుగేళ్లు స్టేషన్లు నడిపినోణ్ణి, ఒక్క డ్రాపర్ నడపలేనా అని ఆయన నవ్వేశాడు.

ఏడు దాటాక కరెంటు పోయింది. కొవ్వొత్తి వెతుకుతుంటే పుష్పమ్మ వచ్చి తన మోకాలి నొప్పి మొదట్నుంచీ చెప్పింది. అంతలో ఆమె ఇంట్లో ఫోన్ మోగింది, ఆర్థర్ గారి కోసం నరసరాజు చేశాడు. ఒకప్పుడు పక్క స్టేషన్లో మాస్టరు. ఆర్థర్ గారు కృపను పుష్పమ్మకు అప్పగించి వెళ్లి, ఎప్పుడో వానాకాలం వరదలో కొట్టుకుపోయిన పట్టాల గురించి పావుగంట మాట్లాడాడు. తిరిగొచ్చేసరికి కరెంటు వచ్చింది, ఆయన్ని చూసి పుష్పమ్మ వెళ్లిపోయింది. బల్ల మీద గుండె మందు సీసా, పక్కన డ్రాపర్. గోడ గడియారం ఏడూ యాభై చూపిస్తోంది.

యాభై నిమిషాలు లేటు. ఊళ్లో బండ్లన్నిటికీ లేటు లెక్కగట్టే మనిషి ఇంట్లో బండే లేటు చేశాడు. డోరా వస్తే ఏం చెప్పాలి? గబగబా పచ్చ సంచిలో చెయ్యి పెట్టాడు. సంచి ఖాళీ. ఎర్ర సంచి తడిమాడు. గుండు అందులో ఉంది.

"బిడ్డా, గుండు నువ్వు మార్చినవా?"

"నేను ముట్టలే తాతా. నువ్వే మందిచ్చి అండ్ల ఏసినవ్."

"నేనియ్యలే బిడ్డా. నాకు తెల్వదా?"

ఆయనకు అన్నీ జ్ఞాపకం ఉన్నాయి. కరెంటు పోవడం, అగ్గిపెట్టె స్టవ్ పక్కన దొరకడం, పుష్పమ్మ మోకాలు, నరసరాజు దగ్గు. వీటన్నిటిలో మందు ఎక్కడా లేదు. పిండి డబ్బా కథ మళ్లీ మొదలైందనుకున్నాడు. పిల్లలన్నాక ఆట మానతారా? పొరపాటు ఆ పిల్లది, ఆలస్యం తనది. ఇక ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. సీసా మూత తీసి, గీత దాకా మందు ఎక్కించి, కృప ముందు వంగాడు.

కృప రెండు చేతులతో నోరు మూసుకుంది.

"తెరువు బిడ్డా."

వేళ్ల సందుల్లోంచి మాట వచ్చింది. "టోకెన్ ఏది తాతా?"

"తాతనే చెప్తున్న గదా."

"నువ్వు చెప్పినా సుత అన్నవ్."

ఆయనకు కోపం వచ్చింది. పిల్ల చెయ్యి పట్టుకుని పక్కకు తీయబోయాడు. ఆ చిన్న మణికట్టు వేళ్లకు తగలగానే జూన్ నెల ఆదివారం, నింపాదిగా కొట్టుకున్న ఆ నాడి గుర్తొచ్చాయి. అనుమానం వస్తే ఇవ్వకండి అన్న డాక్టరు గారి మాట గుర్తొచ్చింది. చెయ్యి వదిలేశాడు. డ్రాపర్ పట్టుకునే వెళ్లి పుస్తకం తెరిచాడు.

"సా. 7-02. నాడి 88. గుండె మందు, తక్కిన మందులు ఇచ్చితిని. ఆర్థర్."

తన చేతిరాతే. ఆర్థర్‌లో చివరి పొల్లు సాగదీసి కింద గీతగా గియ్యడం తనకొక్కడికే అలవాటు. మూడుసార్లు చదివాడు. ఆ రెండు లైన్లూ రాసినట్టు ఆయనకు ఎక్కడా గుర్తులేదు. ఎంత తవ్వుకున్నా గుర్తురాలేదు. చేతిలో డ్రాపర్ ఉన్న సంగతి మరిచి పుస్తకం మీదికి ఇంకా వంగాడు, మందు తెల్లచొక్కా మీద కారింది.

ఆయనకు భయం వేసింది. గుడ్డివెలుగులో ఎదురుగా బండి వస్తుంటే చూసిన భయం కాదు, అటువంటివి ఆయనకు అలవాటే. ఇది తన మీద తనకు భయం. కుర్చీలో కూర్చుండిపోయాడు. కృప వచ్చి ఒళ్లో ఎక్కి, చొక్కా మీద మరకను వేలితో తుడిచింది.

"అమ్మకు నేను చెప్పను లే తాతా."

"చెప్పాలె బిడ్డా. బండ్లు గుద్దుకుంటెనే గాదు, గుద్దుకోబోయి ఆగినా రిపోర్టు రాయాలె. రాయనోడు స్టేషన్ మాస్టరే గాదు."

రాశాడు. ఇచ్చిన మందు మళ్లీ ఇవ్వబోయానని రాశాడు. టోకెన్ లేదని దేవకృప నిరాకరించినందువల్ల ఆగిందని రాశాడు. పెన్ను కాసేపు ఆపి, జూన్‌లో ఆటో హారన్ కొట్టకపోతే మూడో మోతాదు తన చేత్తోనే పడేదని కూడా రాశాడు. కింద సంతకం పెట్టి, ఛార్జి అప్పగించడమైనది అని ముగించాడు.

ఎనిమిదిన్నరకు వచ్చిన డోరా చెప్పులతోనే నిలబడి అది చదివింది. చదివి అత్త చేతికిచ్చింది. ప్రేమమణి కళ్లజోడు పెట్టుకుని చదివి, పెరట్లోకి వెళ్లిపోయింది.

"మామయ్యా, ఆపింది కూడా మీ గుండే గదా" అంది డోరా. "ఛార్జి నేను తీస్కుంట. మీరు నా పక్కన నిలబడి గీత చదవాలె. ఇద్దరు లేకుంటె ఇగ ఎవరికీ లైన్ క్లియర్ లేదు. నాక్కూడా లేదు." చెప్పులు విడిచి, "సోమవారం మీరు సుత ఒకసారి డాక్టరుకు చూపించుకోవాలె" అంది. ఎప్పుడూ డాక్టరు మాటెత్తితే లేచిపోయే మనిషి, ఆ పూట తలూపాడు.

మర్నాడు ఆయన ఆలస్యంగా లేచాడు. డోరా పక్కన నిలబడి, డ్రాపర్ మీద గీత కళ్లు చికిలించి చూసి, పైకి గట్టిగా చదివాడు. కృప మందు మింగింది, గుండు పచ్చ సంచిలోకి వెళ్లింది. తన పని అయిపోయిందనుకుని వరండాలోకి బయల్దేరాడు. గోడకు కొత్త సంచులు రెండు కనబడ్డాయి. ప్రేమమణి పాత చీర పూలగుడ్డతో కుట్టినవి. కృప చెయ్యి అందే ఎత్తులో మేకులు కొట్టారు. ఆయన పడకగదిలోకి తొంగిచూశాడు. మంచం మీద రెండే గుండ్లు మిగిలాయి.

"ఉంటే నాలుగు, లేకపోతే రెండు. మూడుంటే చూడ్డానికి బాగాలేదండీ" అంది వంటింట్లోంచి ప్రేమమణి.

కృప ఒక చేత్తో బీపీ మాత్ర, ఇంకో చేత్తో నీళ్ల గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడింది. "టోకెన్ తీస్కో తాతా."

ఆర్థర్ గారు పూల సంచిలోంచి గుండు తీశాడు. మాత్ర వేసుకుని, నీళ్లు తాగి, చూపించమంటే నాలుక బయటపెట్టి చూపించాడు. గుండు రెండో సంచిలో వేశాడు. కృప స్టూలు మీద కూర్చుని, కొత్త పుస్తకం తెరిచి, గడియారం చూసి, వంకర అక్షరాలతో చాలాసేపు రాసింది. రాసింది ఆయన ముందు పెట్టి సంతకం చెయ్యమంది.

తాత మాత్ర వేసుకున్నాడు అని ఉంది. దాని కింద, పదకొండు నిమిషాలు లేటు అని ఉంది.